అమీర్‌పేట కొట్టులో మన అడవి

గ్రూప్స్ కోచింగ్‌కో, బ్యాంకు పరీక్షలకో, కంప్యూటర్ కోర్సుకో మన పిల్లలు అమీర్‌పేటకు రాని ఏడాది లేదు. ఉట్నూరు నుంచి వస్తారు, ఏటూరునాగారం నుంచి వస్తారు, భద్రాచలం, పాడేరు నుంచీ వస్తారు. మైత్రీవనం చుట్టూ ఉన్న బోర్డులు చదవడానికే ఒక పూట పడుతుంది. బల్కంపేటలోనో ఎస్.ఆర్. నగర్‌లోనో నలుగురు కలిసి ఒక గది అద్దెకు తీసుకుంటారు. గదిలో ఫ్యాను ఉంటుంది, బల్బు ఉంటుంది, పుస్తకాలు పెట్టుకునే అర మాత్రం ఉండదు. మేమూ అలా వచ్చినవాళ్లమే.

ఒక ఏడాది ఆ అరేదో మేమే చేసుకుందామనుకున్నాం. పంజాగుట్ట వైపు ఒక పాత ఇల్లు కూలుస్తుంటే టేకు తలుపు రెక్క ఒకటి చవగ్గా దొరికింది. రంపం, సుత్తి అడిగి తెచ్చుకున్నాం. కోసి, మేకులు కొట్టి నిలబెట్టాక, చెక్క పాడవకుండా ఏదైనా పూయాలి కదా అని ఇంటి నుంచి తెచ్చుకున్న ఇప్పనూనె పట్టించాం. మన అడవి నూనె, మన అమ్మలు గింజ ఏరి తీయించిన నూనె. ఆ సాయంత్రం అర నిగనిగలాడింది. వారం గడిచింది, నూనె ఆరలేదు. రోడ్డు దుమ్మంతా దానికే అంటుకుంది. అరువు తెచ్చుకున్న పుస్తకాల అట్టలకు మరకలు పడ్డాయి. చలి మొదలయ్యాక అంచుల్లో నూనె తెల్లగా పేరుకుంది.

సిగ్గుపడుతూ ఒక హార్డ్‌వేర్ కొట్టుకు పోయి అడిగాం. కొట్టాయన రెండు సరుకులు ముందు పెట్టాడు. ఒకటి అవిసె నూనె డబ్బా. రెండోది తేనెరంగు రేకుల పొట్లం, లక్క. ఇదెక్కడిదని అడిగితే, తూకం వేస్తూ "జంగల్ మాల్" అన్నాడు.

అడవి నుంచి వచ్చిన మేం అడవి సరుకును అమీర్‌పేటలో డబ్బులిచ్చి కొనుక్కున్నాం. దాన్ని ఎలా వాడాలో కూడా కొట్టాయన దగ్గరే నేర్చుకున్నాం. ఇది ఎలా జరిగింది? జవాబు వెతుక్కుంటూ పోతే పనిముట్ల చరిత్ర, నూనెల చరిత్ర, అడవి చట్టాల చరిత్ర ఒకే దారిలో కనిపించాయి. తమ్ముళ్లు, చెల్లెళ్లు, టీచర్లు చదువుకోడానికి దాన్ని ఇక్కడ వరసగా చెబుతున్నాం. ఇంట్లో చిన్న కొయ్యపని చేసుకునేవాళ్లు ఏ పనిముట్టు, ఏ నూనె ఎంచుకోవాలో కూడా చెబుతున్నాం.

పేటలూ గుట్టలూ

అమీర్‌పేట పేరు పాయిగా ప్రభువుల 'అమీర్' బిరుదు నుంచి వచ్చిందంటారు. పంజాగుట్ట అంటే ఐదు గుట్టలని చెబుతారు. పంజాగుట్టను ఆనుకునే ఎర్రమంజిల్ ఉంది. నవాబ్ ఫక్రుల్ ముల్క్ 1870 ప్రాంతంలో కట్టించిన మేడ అది. కొత్త అసెంబ్లీ కోసం దాన్ని కూల్చాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టివేసింది. మరోపక్క ఉన్న కొండ బంజారాహిల్స్. నగరం ఇంత పెరగకముందు అక్కడ లంబాడీల తండాలు ఉండేవి. నిజాం కాలపు అధికారి మెహదీ నవాజ్ జంగ్ అక్కడ ఇల్లు కట్టుకుని, దానికి బంజారాల పేరే పెట్టుకున్నారు. తండాలు పోయాయి, పేరు మిగిలింది. 2022 సెప్టెంబరు 17న అదే బంజారాహిల్స్‌లో కుమ్రం భీమ్ ఆదివాసీ భవన్, సేవాలాల్ బంజారా భవన్ ప్రారంభమయ్యాయి.

ఆ కాలపు మేడల్లో దూలాలు, దర్వాజాలు ఎక్కువగా టేకువే. టేకులో సహజంగానే నూనె ఉంటుంది, చెదను ఆపే గుణం ఉంటుంది. అందుకే నూరేళ్ల నాటి తలుపును ఈరోజు కోసినా లోపల చెక్క గట్టిగా ఉంటుంది, వాసన వస్తుంది. ఆ వాసన పీల్చినప్పుడు మాకు జన్నారం అడవి గుర్తొచ్చింది. మా తలుపు రెక్క ఏ అడవిదో మాకు చెప్పేవాళ్లు లేరు. నగరానికి కొయ్య అడవి నుంచే రావాలి, ఆ అడవిలో మనుషులుంటారు అన్నది మాత్రం అందరికీ తెలిసిందే.

చట్టంలో పనిముట్టు

రైలు వచ్చాక కొయ్యకు గిరాకీ పెరిగింది. పట్టాల కింద స్లీపర్లు అప్పట్లో కొయ్యవే. అవి కొన్నేళ్లకు పుచ్చిపోతాయి, మళ్లీ వేయాలి. బ్రిటిష్ ప్రభుత్వం 1864లో అటవీ శాఖ పెట్టింది. 1865లో మొదటి అటవీ చట్టం, 1878లో మరింత గట్టి చట్టం తెచ్చింది. మద్రాసు రాజధానికి 1882లో వేరే చట్టం వచ్చింది. నిజాం రాజ్యంలో వాడి–సికింద్రాబాద్ రైలు 1874లో నడిచింది. ఇక్కడా రిజర్వు అడవులు ఏర్పడ్డాయి. హైదరాబాద్ అటవీ చట్టం 1326 ఫస్లీలో, అంటే 1916-17 ప్రాంతంలో వచ్చింది.

ఈ చట్టాల్లో మనవాళ్లు తప్పకుండా చదవాల్సిన మాట ఒకటుంది. 1927 భారత అటవీ చట్టం 52వ సెక్షన్ ప్రకారం, అడవి నేరం జరిగిందని నమ్మితే అధికారి కొయ్యతోపాటు పనిముట్లు, పడవలు, బండ్లు, పశువులు జప్తు చేయవచ్చు. 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టంలోనూ ఇలాంటి అధికారమే ఉంది. గూడెంలో గొడ్డలి అంటే వంటచెరుకు, నాగలి, ఇంటి నిట్టాడు, పెళ్లి పందిరి. చట్టంలో అదే గొడ్డలి నేరానికి సాక్ష్యం. పనిముట్టును దాచుకుని బతకాల్సి వచ్చిన మనిషి తన పనితనాన్ని పిల్లలకు ఎలా నేర్పుతాడు?

మన్యంలో 1879 నాటి రంప తిరుగుబాటుకు కల్లు మీద వేసిన పన్నుతోపాటు అడవి ఆంక్షలూ కారణమయ్యాయి. 1922 నుంచి 1924 వరకు అల్లూరి వెంట నడిచిన మన్యం వీరుల కోపంలోనూ అడవి కష్టం ఉంది. ఆదిలాబాద్‌లో పోడు మీద, పశువుల మేత మీద, వంటచెరుకు మీద వసూళ్లకు ఎదురు తిరిగిన కుమ్రం భీమ్ 1940లో జోడేఘాట్‌లో అమరుడయ్యాడు. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను గోండుల పరిస్థితి చూడమంది. ఆయన సలహా మీదే మార్లవాయిలో 1943లో గోండు టీచర్ల శిక్షణ మొదలైంది. అంటే మన దగ్గర చదువు అడుగుపెట్టింది గొడ్డలి కోసం జరిగిన పోరాటం వెనకాలే. ఇవాళ అమీర్‌పేట క్లాసులో కూర్చున్న పిల్లలకు ఈ వరస తెలియాలి.

ఉలి అంచున ఉన్న ఊరు

పనిముట్టుకు ప్రాణం ఉక్కు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఒకప్పుడు ఉక్కుకు పేరుమోసిన ఊరు. 19వ శతాబ్దం మొదట్లో హెన్రీ వాయ్‌సీ అనే సర్వే వైద్యుడు ఆ ఊరికి వెళ్లి, మట్టి మూసల్లో ఉక్కు చేసే పద్ధతిని రాసిపెట్టాడు. ఆ రాత 1832లో అచ్చయింది. పర్షియా వర్తకులు ఆ ఉక్కు కోసం అంత దూరం వచ్చేవారు. డమాస్కస్ కత్తులని పేరుపడ్డ వాటికి కావలసిన ఉక్కు ఇలాంటి దక్కను ఊళ్ల నుంచే వెళ్లింది. పడమటివాళ్లు దాన్ని పిలిచిన 'వూట్జ్' అన్న పేరు కూడా మన 'ఉక్కు' నుంచి పుట్టిందేనంటారు. మూస కింద మండింది మాత్రం అడవి బొగ్గు. అడవి లేకుండా ఆ ఉక్కు లేదు.

హైదరాబాద్‌లో వడ్రంగుల దగ్గర పనిముట్లకు రెండేసి పేర్లు వినిపిస్తాయి. చిత్రికను రందా అంటారు, బాడిసను బసూలా అంటారు, మూలమట్టాన్ని గునియా అంటారు. తెలుగు, ఉర్దూ కలిసి పనిచేసిన నగరం ఇది. ఆ రెండింటి పక్కన గోండి పేరు, కోయ పేరు, లంబాడీ పేరు కూడా ఉండాలి.

అద్దె గదిలో చిన్న పని చేసుకునేవాళ్లకు పెద్ద పెట్టె అక్కర్లేదు. పళ్లు సన్నగా ఉన్న చేతి రంపం ఒకటి, అరంగుళం ఉలి, అంగుళం ఉలి, చిన్న రందా, సుత్తి, గునియా, టేపు, రెండు వైపులా వాడే సానరాయి ఉంటే చాలు. రంధ్రాలు వేసే మిషన్ రోజుకు అద్దెకు దొరికితే అదే మేలు. ఆరు చవక ఉలులు కొనేకంటే రెండు మంచివి కొనండి. ఉలి వాలు 25 నుంచి 30 డిగ్రీలు ఉండాలి. వెనకవైపు బల్లపరుపుగా రుద్ది, తర్వాత వాలు సానపెట్టాలి. మొద్దు ఉలికి బలం ఎక్కువ పెట్టాలి, అది జారితే చెయ్యి తెగుతుంది. కొయ్యను పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ ఉలి అంచుకు వెనకే ఉండాలి.

గునియా సరైనదో కాదో కొట్టులోనే చూడొచ్చు. తిన్నని అంచున్న చెక్కకు ఆనించి ఒక గీత గీయండి. గునియాను తిరగేసి అదే చోట ఇంకో గీత గీయండి. రెండూ ఒకటైతే కొనండి, విడిపోతే అక్కడే పెట్టేయండి. పిడి కొయ్యదైతే పోగులు నిలువునా ఉన్నాయా చూడండి. గొడ్డలి కామకు చిరుమాను ఎందుకు వాడతారో మన పెద్దలకు తెలుసు. దెబ్బకు విరగదు, చేతికి అదురు తెలియనివ్వదు.

కందెన ఆరకూడదు, పూత ఆరాలి

ఇప్పుడు మా అర దగ్గరికి వద్దాం. తప్పు ఇప్పనూనెది కాదు, మాది. నూనెలు రెండు రకాలు. కొన్ని గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడి పొర కడతాయి. వీటిని ఆరే నూనెలు అంటారు. కొన్ని ఎన్నాళ్లున్నా జిడ్డుగానే ఉంటాయి. ఇప్ప, కానుగ, వేప, ఆముదం, కొబ్బరి రెండో రకం. ఇప్పనూనె చలికి గడ్డకడుతుంది. గడ్డకట్టడం వేరు, ఆరడం వేరు. ఎండ తగిలితే మళ్లీ కరుగుతుంది.

పెద్దలకు ఈ తేడా తెలుసు. బండి ఇరుసుకు ఆముదం కందెన వేశారు, ఎందుకంటే అక్కడ నూనె ఆరకూడదు. ఇప్పనూనెను దీపానికి, వంటకు, ఒంటికి వాడారు. కానుగ, వేప నూనెలు చేదు, పురుగును దూరం పెడతాయి. గదిలో పుస్తకాల అరకు ఇప్పనూనె పూయమని వాళ్లు ఎవరికీ చెప్పలేదు. మన నూనె అన్న ప్రేమతో మేం పూశాం. ఏ నూనె దేనికో వాళ్లకున్న తెలివి లేకుండా, నూనె ఒక్కటే తెచ్చుకున్నాం.

ఆరే నూనెల్లో మన నేల మీద పండేది అవిసె. నిజాం రాష్ట్రం ఆముదాలకు దేశంలోనే పేరుపడింది, అవిసెలు కూడా ఇక్కడి నుంచి బయటికి వెళ్లేవి. రంగులకు, వార్నిష్‌కు, లినోలియం అనే నేలపరుపుకు ప్రపంచమంతా అవిసె నూనె వాడింది. అరకు లోయలో పసుపుపచ్చగా పూసే వలిసెల నూనె సగం ఆరే రకం. అవిసెంత తొందరగా ఆరదు, ఇప్పలాగ జిడ్డుగానూ మిగిలిపోదు.

కొట్టులో అవిసె నూనె రెండు రకాలుగా దొరుకుతుంది. పచ్చి నూనె ఆరడానికి వారం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. కాచిన నూనె అని అమ్మేది ఒకటి రెండు రోజుల్లో ఆరుతుంది, కానీ తొందరగా ఆరడానికి అందులో లోహపు లవణాలు కలుపుతారు. అన్నం గరిటెకు, రొట్టెల పీటకు, పిల్లల బొమ్మకు అది వాడొద్దు. వాటికి పచ్చి నూనె పట్టించి బాగా ఆరనివ్వడం మంచిది. రంగు వేయాలనుకుంటే సీసం సంగతి చూడండి. 2017 నవంబరు నుంచి మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల్లో 90 భాగాలు దాటకూడదు. డబ్బా మీద ఆ మాట ఉందో లేదో చదవండి.

పూత పద్ధతి సులువు. 120 నంబరు గరుకు కాగితంతో, తర్వాత 220తో, పోగుల వెంట రుద్దాలి. మొదటి పూతకు నూనెలో కాస్త టర్పెంటైన్ కలిపితే చెక్క లోపలికి దిగుతుంది. గుడ్డతో పల్చగా పట్టించి, పావుగంట ఆగి, పైన మిగిలిందంతా తుడిచేయాలి. ఆరాక మళ్లీ. మూడుసార్లు చాలు. మందంగా పూస్తే పైన ముడతపడుతుంది, లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఒక్క అవిసె నూనె వాన తడికి పూర్తిగా తట్టుకోదు, కిటికీ పక్కన పెడితే బూజు పడుతుంది.

ఒక మాట మాత్రం మరవద్దు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూలన పడేస్తే ఆ వేడి బయటికి పోక, అగ్గిపుల్ల గీయకుండానే మంట అంటుకోవచ్చు. నలుగురు పడుకునే గదిలో, గ్యాస్ పొయ్యి పక్కన ఇది ప్రాణాల మీదికి తెస్తుంది. గుడ్డను విప్పి ఆరుబయట ఒక్కొక్కటిగా ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి పెట్టండి.

లక్క ప్రయాణం

కొట్టాయన 'జంగల్ మాల్' అన్న లక్క ఒక పురుగు చేసేది. మోదుగ, రేగు, కుసుమ చెట్ల లేత కొమ్మల మీద లక్క పురుగులు గుంపుగా చేరి రసం పీల్చి, తమ చుట్టూ జిగురు కట్టుకుంటాయి. ఆ కొమ్మలు విరిచి, గీకి, కడిగి, కరిగించి, పల్చటి రేకుగా సాగదీస్తే చపడా లక్క వస్తుంది. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ముండాలు, ఉరావులు, సంతాలులు, గోండులు తరాలుగా ఈ పని చేస్తున్నారు. మోదుగ మన అడవుల్లోనూ ఉంది.

మొదట యూరప్ దీన్ని ఎర్రరంగు కోసం కొన్నది. తర్వాత బల్లలకు, కుర్చీలకు మెరుపు కోసం కొన్నది. దాన్నే మనం ఫ్రెంచ్ పాలిష్ అంటున్నాం. పేరు ఫ్రాన్స్‌ది, సరుకు అడవిది. ఆ తర్వాత గ్రామఫోన్ వచ్చింది. 1950ల దాకా తిరిగిన పాత రికార్డుల్లో ముఖ్యమైన సరుకు లక్కే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా లక్క వాడకానికి రేషన్ పెట్టేంత అవసరం దానిది. రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో 1920ల్లోనే లక్క పరిశోధన సంస్థ పెట్టారు. లోకమంతా పాటలు విన్నది, కొమ్మ విరిచిన చేతి పేరు ఏ రికార్డు మీదా లేదు.

తెలుగు నేల మీద లక్క అందం చూడాలంటే ఏటికొప్పాక బొమ్మ చూడాలి. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ రంగు లక్కను ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కొయ్యకు పట్టేస్తుంది, మొగలి ఆకుతో మెరుగు పెడతారు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. నిర్మల్, కొండపల్లి బొమ్మలకు కావలసింది తేలికైన పొనికి కర్ర. బొమ్మకు గుర్తింపు వచ్చినా, పొనికి, అంకుడు చెట్లు అడవిలో మిగలకపోతే ఆ గుర్తింపు కాగితంగానే ఉంటుంది.

ఇంట్లో వాడుకోవాలంటే లీటరు పాలిష్ స్పిరిట్‌లో 200 గ్రాముల రేకులు వేసి ఒక రాత్రి ఉంచండి. ఇనుప డబ్బా వద్దు, రంగు నల్లబడుతుంది. గాజు సీసా మేలు. పల్చటి గుడ్డతో పోగుల వెంట లాగితే కాసేపట్లో ఆరుతుంది. కలిపిన లక్క ఆరు నెలలు దాటితే సరిగా గట్టిపడదు కాబట్టి కావలసినంతే కలపండి. వేడి టీ గ్లాసు పెడితే తెల్లటి చుట్ట పడుతుంది, అదే దీని లోపం. ఆ స్పిరిట్ విషం. దాన్ని తాగే నీళ్ల సీసాలో పొయ్యొద్దు, కిటికీలు తెరిచి పని చేయండి, దగ్గర్లో మంట ఉండకూడదు.

ఇప్పుడు మన చేతిలో ఉన్నది

2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులను సేకరించి అమ్ముకునే హక్కు మనకిచ్చింది. ఆ జాబితాలో వెదురు ఉంది, లక్క ఉంది, తేనె ఉంది. 2017లో అటవీ చట్టాన్ని సవరించి, అడవి బయట పెరిగే వెదురును చెట్ల జాబితా నుంచి తీసేశారు. 1956 నుంచి పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ ఇప్ప గింజ, కానుగ గింజ, తపసి జిగురు వంటివి కొంటోంది. 2013-14 నుంచి కేంద్రం కొన్ని అటవీ ఉత్పత్తులకు మద్దతు ధర పథకం పెట్టింది, అందులో లక్క కూడా ఉంది. ఇవి పోరాడి తెచ్చుకున్నవి. అయినా గింజగా అమ్మితే వచ్చేది గింజ ధరే. డబ్బాలోకి పోసి, దేనికి వాడాలో చెప్పి అమ్మినవాడికి వచ్చేది వేరే ధర. ఆ చెప్పే తెలివి మన గూడేల్లోనే పుట్టింది.

కాబట్టి కొయ్య కొనేటప్పుడూ చూసి ఎంచుకోండి. కూల్చిన ఇళ్ల పాత టేకు, వేప, తుమ్మ, వెదురు మన అవసరాలకు చాలు. పర్మిట్ లేని కొత్త టేకు చవగ్గా దొరికిందంటే, దాని వెనక ఏదో ఒక ఊళ్లో మనవాడి మీద కేసు ఉండొచ్చు.

మా అర సంగతి చెప్పి ముగిస్తాం. టర్పెంటైన్ గుడ్డతో ఇప్పనూనె తుడిచి, నాలుగు రోజులు ఎండబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, అవిసె నూనె మూడు పూతలు వేశాం. మిగిలిన ఇప్పనూనెతో దీపం పెట్టుకున్నాం. గది ఖాళీ చేసేటప్పుడు అరను తర్వాత వచ్చిన పిల్లలకు ఇచ్చేశాం.

టీచర్లకు ఒక మనవి. ఈ సెలవుల్లో ప్రతి పిల్లవాడూ, ప్రతి పిల్లా ఇంట్లో తాతను, అమ్మమ్మను అడిగి ఐదు పనిముట్ల పేర్లు, ఐదు నూనెల పేర్లు తమ భాషలో రాసుకురావాలని చెప్పండి. పేరు పక్కన అది ఏ చెట్టుది, దేనికి వాడతారు, దేనికి వాడరు అన్నది కూడా రాయించండి. దేనికి వాడరు అన్న గడి తప్పకుండా పెట్టండి. మేం అమీర్‌పేటకు వచ్చేటప్పుడు మా దగ్గర లేనిది ఆ గడే.